నా అంకె, ఆమె అంకె

సెప్టెంబర్ 16

సోల్వేగ్ ఆసుపత్రిలోనే ఉంది. రేపు పంపిస్తామన్నారు.

నిన్న ఈ ఏడాది తొలి గొర్రెమాంసం వండుకున్నాం. మా దొడ్డిదే, సోయికూర వేసి. తినేటప్పుడు బాగానే ఉంది. అర్ధరాత్రి చూస్తే లేచి కూర్చుని అరచేతులు గోక్కుంటోంది. "సబ్బు మార్చావా?" అంది. మార్చలేదు. కాసేపటికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పెదవులు వాచి ఆమె ముఖం ఆమెది కాకుండా పోయింది. స్నానాలగదిలో పడిపోయింది. అంబులెన్సు వచ్చేదాకా తల ఒళ్లో పెట్టుకుని మాట్లాడిస్తూనే ఉన్నాను. ఏం మాట్లాడాలో తోచక గొర్రెల పేర్లు చెప్పమన్నాను. సగం మంద దాకా చెప్పింది. తర్వాత గొంతు పూడుకుపోయింది.

ముప్పై ఏళ్లు క్వారీలో రాయి పేల్చాను. నిన్నటి భయం ఎన్నడూ ఎరగను.

సెప్టెంబర్ 17

ఇంటికి తీసుకొచ్చాను. "మీ ఆవిడను కందిరీగ కుట్టి ఉంటుంది" అంది నర్సు. ఏ కందిరీగా మాకు కనిపించలేదు. అయినా తలూపాను.

అక్టోబర్ 1

మళ్లీ వచ్చింది. ఈసారి సాసేజ్. మొదటిసారి అంత లేదు గానీ ఆసుపత్రికి వెళ్లక తప్పలేదు. కందిరీగ కాదని ఇద్దరికీ అర్థమైంది.

అక్టోబర్ 12

అలర్జీ డాక్టరు పేరు ఎబ్బా. స్టాక్‌హోం మనిషి. నెలకు రెండుసార్లు విమానంలో వచ్చి మా దీవివాళ్లను చూసి పోతుంది.

"పిడుదులు కుడుతుంటాయా?" అని అడిగింది.

సోల్వేగ్ పకపకా నవ్వింది. "గొర్రెల్ని కాసేవాళ్లని అడగాల్సిన ప్రశ్నేనా అది? ఊపిరి పీలుస్తుంటారా అని అడిగినట్టుంది."

డాక్టరూ నవ్వింది. తర్వాత బొమ్మ గీసి చూపించింది. పిడుదు ఉమ్మిలో ఒక రకం చక్కెర ఉంటుందట. కుట్టినప్పుడు అది మన రక్తంలోకి దిగుతుంది. ఆ చక్కెరే గొర్రె, ఆవు, పంది, అన్నిటి మాంసంలోనూ, కొవ్వులోనూ ఉంటుంది. కొందరి ఒళ్లు దాన్ని శత్రువని గుర్తుపెట్టుకుని దాని కోసమే యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. మాంసం తిన్న నాలుగైదు గంటలకు అవి యుద్ధానికి లేస్తాయి. చేపకూ కోడికీ ఆ గొడవ లేదు.

"అంటే మా గొర్రెల్ని మేమే తినకూడదా?" అంది సోల్వేగ్.

"ముందు రక్తపరీక్ష చేద్దాం."

"పిడుదులు ఎక్కువ కుట్టేది నన్నే" అన్నాను నేను. "ఆమెకి ఒకటి పడితే నాకు మూడు."

"అయితే మీ రక్తం కూడా ఇచ్చి వెళ్లండి ఇంగ్వర్. దీవిలో ఎంతమందికి ఉందో మేం లెక్క చూస్తున్నాం."

సరదాగా చొక్కా చెయ్యి మడిచాను.

అక్టోబర్ 27

రక్తంలో ఆ యాంటీబాడీల లెక్క వచ్చింది. ఆమె అంకె తొమ్మిది. నా అంకె నలభై ఒకటి.

మాకు ఏమీ అర్థం కాలేదు. డాక్టరుకు అర్థమైనట్టే ఉంది.

"నిన్న కూడా పోర్క్ చాప్ తిన్నాను. మరి నాకేం కాలేదే?" అన్నాను.

"కొందరికి కాదు. ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు. ఇక్కడ అడవుల్లో, పచ్చికల్లో తిరిగేవాళ్లని పరీక్షిస్తే చాలామందికి ఈ అంకె కనిపిస్తుంది. అందులో జబ్బుపడేవాళ్లు కొద్దిమందే. రక్తం చెప్పేది పరిచయం ఉందని. పగ ఉందని కాదు."

"మరి పగ ఉందని ఎవరు చెబుతారు?"

"తిన్నవాళ్ల ఒళ్లు."

ఒళ్లు చెప్పేదే చివరి మాటైతే ఈ సూదులెందుకు? ఆ మాట అడగలేదు. దారిపొడుగునా సోల్వేగ్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇల్లు వచ్చాక అంది: "నీకేం, మేకులు పెట్టినా అరిగించుకుంటావ్."

తమాషాకే అంది. నేనూ నవ్వాను.

నవంబర్ 5

వంట ఇక నాదే. ఆమె గిన్నెలు వేరు, నావి వేరు. మళ్లీ అలా వస్తే వెంటనే తొడలో పొడవడానికి ఇంజెక్షన్ పెన్నులు రెండిచ్చారు. ఒకటి ఆమె కోటు జేబులో, ఒకటి పొయ్యి పైన అరలో.

నవంబర్ 19

మాంసం మా ఇంట్లో వండడం మానేశాను. ఆదివారాలు దాగ్ని ఇంట్లో తింటున్నాను. దాగ్నికి ఎనభై మూడు. పక్క పొలం. మొగుడు పోయినప్పటి నుంచీ ఒక్కతే.

"నీ పెళ్లాం ఆకలితో ఉంటే నువ్విక్కడ పక్కటెముకలు చీకుతున్నావా? సిగ్గులేదట్రా?" అంది, నా పళ్లెంలో ఇంకో ముక్క వేస్తూ.

"నా అంకె నలభై ఒకటి" అన్నాను.

"ఎవడిక్కావాలి నీ అంకె? బంగాళాదుంప అందుకో."

డిసెంబర్ 3

చీజ్ మానేసింది. వెన్న మానేసింది. నిన్నటి నుంచి పాలు కూడా. డాక్టరుకు ఫోన్ చేశాను. పాలు అవసరమైతే తప్ప మానొద్దు, ఇదివరకు పడినవి ఇప్పుడూ పడతాయి అంది. ఆ మాటే సోల్వేగ్‌కు చెప్పాను.

"తినేది డాక్టరు కాదుగా" అంది.

పశువుల ఎముకల జిగురు ఉంటుందని జెల్లీ మిఠాయిలు చెత్తబుట్టలో వేసింది. మాత్రల డబ్బాలు తిప్పి తిప్పి చదువుతుంది. రొట్టె ఎక్కడ కాలిందో, ఏ రేకు మీద కాలిందో కనుక్కోమంటుంది. ఉడికించిన దుంప, హెర్రింగ్ చేప, ఎండు బఠాణీ. అంతే. దుస్తులన్నీ వదులైపోయాయి. పెళ్లి ఉంగరం జారిపోతోందని తీసి కిటికీ గూట్లో పెట్టింది.

జబ్బు కన్నా భయం ఎక్కువ తింటోంది ఆమెను. ఇది ఎవరికీ కనిపించడం లేదు. నాకొక్కడికే కనిపిస్తోంది.

డిసెంబర్ 24

ఈ క్రిస్మస్‌కి పంది తొడ లేదు. ఆమె అక్క నోర్షాపింగ్ నుంచి రాలేదు. సోల్వేగే రావద్దంది. "వాళ్లు తింటుంటే నేను వాసన చూస్తూ కూర్చోవాలా?"

ఇద్దరం చేప తిన్నాం. ఆమె తొందరగా లేచి దొడ్డిలోకి వెళ్లింది. వెతుక్కుంటూ వెళితే గడ్డిలో కూర్చుని ఉంది. ముసలి గొర్రె ఒకటి ఆమె భుజం మీద గడ్డం ఆన్చి నెమరేస్తోంది.

"ఇవి మాత్రం నన్నేం చెయ్యవు" అంది.

ఆ మంద ఆమె తండ్రిది. నాతో పెళ్లి కన్నా పాతది.

జనవరి 22

మంచి వార్త. ఆమె అంకె నాలుగుకు దిగింది. చలికాలం కదా, పిడుదులు లేవు, కొత్త కాట్లు లేవు. కాట్లు పడకుండా ఉంటే ఇంకా తగ్గుతుందట. అప్పుడు ఆసుపత్రిలో మంచం మీద కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా మాంసం పెట్టి చూస్తారు. పడితే పడినట్టే. వసంతంలో పిలుస్తామన్నారు.

దారిలో నేను ఆగలేక అనేశాను. "నాలుగంటే ఏముంది! నాది నలభై ఒకటి. నేను చూడు."

"నువ్వు నేను కాదు ఇంగ్వర్."

"అది కాదే. వసంతంలో వెళ్లి తిని చూడు. తేలిపోతుంది."

"వెళ్లను. చావడానికి వరుసలో నిలబడమంటావా?"

అంతే. ఇక మాట్లాడనివ్వలేదు. తలుపు దగ్గరకు తెచ్చి ఇస్తున్న బతుకును వద్దంటే ఏం చెయ్యాలి?

ఫిబ్రవరి 3

రాత్రి దుప్పటి కప్పుతుంటే ఆమె భుజం ఎముక చేతికి తగిలింది. కోడిపిల్ల ఎముకలా ఉంది.

ఎవరో ఒకరు ఈ భయం తెంచాలి.

ఫిబ్రవరి 8, గురువారం

గురువారం బఠాణీ సూప్. అందరిళ్లలోనూ అంతే. ఈ చలికాలమంతా ఉత్త నీళ్లలో ఉడికించాను. ఆమె మందు తాగినట్టు తాగుతోంది.

ఈరోజు ఉల్లిపాయ పంది కొవ్వులో వేయించాను. పెద్ద చెంచాతో రెండు. అంతే.

ఆమె మధ్యాహ్నమంతా దొడ్డిలో ఉంది. ఒక గొర్రె నెలలు నిండకుండానే ఈనింది, పిల్ల చచ్చి పుట్టింది. మోచేతుల దాకా తడిసి, అలిసిపోయి వచ్చింది. కడుక్కుని కూర్చుంది. ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆగింది.

"ఇన్నాళ్లకి రుచిగా ఉంది" అంది. ఇంకో గిన్నె వేయించుకుంది.

నాలుగు నెలలుగా ఆమె మారు అడగడం నేను చూడలేదు. రేపు పొద్దున బల్ల దగ్గర చెబుతాను. "చూశావా, పిచ్చిదానా, నీకేం కాలేదు" అంటాను. తిడుతుంది. తర్వాత ఏడుస్తుంది. తర్వాత ఆకలేస్తోందంటుంది. అనుకుంటుంటేనే నవ్వు వస్తోంది.

ఆమె మంచికే కదా.

ఫిబ్రవరి 10

బతికింది.

ఫిబ్రవరి 11

రెండు పెన్నులూ వాడాను. మొదటిదానికి లేవలేదు. గోళ్లు నీలంగా మారాయి. రెండోదానికి ఒకసారి కళ్లు తెరిచి నన్ను చూసింది. ఎంత నమ్మకంగా చూసిందో.

ఈ వాక్యం కొట్టెయ్యాలి.

ఫిబ్రవరి 12

డాక్టరు ఎబ్బా స్టాక్‌హోం నుంచి ఫోన్‌లో మాట్లాడింది. నర్సు ఫోన్ మంచం మీద పెట్టింది, ఇద్దరికీ వినిపించేలా. నిజంగా అలర్జీయేనని రక్తంలో తేలింది, గుండెపోటు కాదు, భయం కాదు అంది. ఆ రోజు ఏం తిన్నారని అడిగింది.

"సూప్ ఒకటే" అంది సోల్వేగ్. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"అందులో ఏముంది?"

సోల్వేగ్ నా వైపు చూసింది. వంట నాది కదా.

"బఠాణీ" అన్నాను. "ఉప్పు. ఆవపొడి. ఉల్లిపాయ."

"ఉల్లిపాయ దేంట్లో వేయించారు?"

"నూనె."

ఆ రోజు ఏమేం పని చేశారని డాక్టరు అడిగింది. సోల్వేగ్ చచ్చి పుట్టిన పిల్ల సంగతి చెప్పింది. చేతులు లోపల పెట్టి లాగిన సంగతి, ఉమ్మనీరు ముఖాన పడిన సంగతి.

"అయితే అదే అయ్యుండొచ్చు" అంది డాక్టరు. "మీలాంటి ఒకరిద్దరు రైతులకి ఈత సమయంలో ఆ తడి వల్ల, ఆవిరి వల్ల ఇలా వచ్చినట్టు చదివాను. అరుదు. కానీ మాంసం తినలేదంటున్నారు కాబట్టి ఇంకో దారి కనిపించట్లేదు. సోల్వేగ్, ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. మీరు గొర్రెల దగ్గరికి వెళ్లకూడదు. ముఖ్యంగా ఈతలప్పుడు."

సోల్వేగ్ దిండులో ముఖం దాచుకుంది. నేను ఆమె పాదం పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడే చెప్పాలి. నోట్లోకి వచ్చింది. నర్సు ఉంది గదిలో.

ఇంటికి వెళ్లాక చెబుతాను.

ఫిబ్రవరి 15

ఒక చెంచా కొవ్వుకి అంత అవుతుందా? నాలుగు అంకె ఉన్న మనిషికి? గొర్రె నీళ్లే అయ్యుండొచ్చు. డాక్టరే అంది కదా. చదువుకున్న మనిషి.

ఫిబ్రవరి 16

గొర్రె నీళ్లే.

ఫిబ్రవరి 18

దాగ్ని పిలిస్తే వెళ్లాను. గురువారం సూప్ ఎప్పుడూ ఒక సీసాలో ఆమెకూ పంపుతుంటాను. ఆ రోజు కూడా పంపాను. ఆ సంగతే మరిచిపోయాను.

పళ్లెం పెట్టలేదు. ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు ఉల్లిపాయ దేంట్లో వేయించావ్?"

"నూనె."

"అరవై ఏళ్లుగా వండుతున్నాన్రా నేను. నాకు చెప్తావా?"

బల్ల అంచును గోటితో గీకాను.

"కావాలనే చేశావా?"

"దాని మంచికే..." అన్నాను.

దాగ్ని లేచి కిటికీ దగ్గరకు వెళ్లింది.

"నేను చెప్పను" అంది వెనక్కి తిరక్కుండానే. "చెప్తే అది నిన్ను గెంటేస్తుంది. గెంటేస్తే దానికి ఎవరున్నారు? నాలాంటి ముసలిదా? నువ్వే చెప్పు. మంద పోకముందే చెప్పరా, ఇంగ్వర్. తర్వాత చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే."

ఫిబ్రవరి 20

రేపు చెబుతాను.

ఫిబ్రవరి 26

యోఆర్ కొనడానికి వచ్చి మందను చూసుకున్నాడు. దీవి ఉత్తరాన అతనికి పెద్ద దొడ్డి ఉంది. ఈతలకు ముందే తీసుకెళ్తానన్నాడు. పళ్లు అరిగిన ముసలివి వద్దన్నాడు. వాటిని కబేళాకు పంపాలి.

సోల్వేగ్ వంటగదిలో కూర్చుని తలుపు సందులోంచి మాట్లాడింది. "నల్లచెవుల దానికి కవలలు. తొందరపెట్టకు. ఆ కుంటిది మనిషి పక్కన ఉంటే తప్ప ఈనదు."

"సరే వదినా" అన్నాడు యోఆర్.

మందు ఇచ్చినట్టు ఒక్కో మాట అతని చేతిలో పెట్టింది.

మార్చి 2

తెల్లవారుతూనే లారీ వచ్చింది. సోల్వేగ్ గాలి వచ్చే దిక్కున, గోడ అవతల, మెడగుడ్డ ముక్కుకు కట్టుకుని నిలబడింది. రావద్దన్నా వినలేదు.

మందకు ముందు నడిచే గొర్రె లారీకి ఆన్చిన చెక్కపలక ఎక్కుతూ సగంలో ఆగిపోయింది. తల తిప్పి వెతికింది. సోల్వేగ్ ఉండబట్టలేక దాన్ని పిలిచింది. అది పలక మీద నుంచి దూకి, యోఆర్‌ని తోసేసి, గోడ దాకా పరిగెత్తింది. దాని వెనకే మిగతావన్నీ. రాళ్లకు ఆనుకుని, ఆమె ఉన్న వైపు మూతులు ఎత్తి అరిచాయి. ఆమె చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది. వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయింది.

అన్నిటినీ మళ్లీ తోలి ఎక్కించాం. ఆమె మళ్లీ పిలవలేదు.

మార్చి 3

అర చెంచా ఉంటుందేమో. గరిటెకు అంటుకున్నంత.

మార్చి 5

ముసలివాటిని తీసుకెళ్లారు. నేనే దగ్గరుండి ఎక్కించాను.

మార్చి 30

దొడ్డి కడిగాను. సున్నం వేశాను. ఇంకేం పని లేదు.

ఏప్రిల్ 9

ఆమె అంకె రెండు. ఇంతలా దిగడం అరుదంది డాక్టరు.

"ఇప్పుడు ఆసుపత్రిలో తిని చూస్తే బాగుంటుంది సోల్వేగ్. అసలు సంగతి తేలుతుంది. నాకెందుకో ఫిబ్రవరిలో జరిగింది పూర్తిగా అర్థం కావట్లేదు."

"తేలడానికేముంది?" అంది సోల్వేగ్. "తినకుండానే చచ్చినంత పనైంది. తింటే ఏమవుతుందో నాకు తెలీదా?"

డాక్టరు నా వైపు చూసింది, సాయం చెయ్యమన్నట్టు.

నేను గోడ మీది బొమ్మ చూశాను.

ఏప్రిల్ 10

చెబితే ఏమవుతుంది? ఈతలు అయిపోయాయి. నల్లచెవులది ఇప్పుడు యోఆర్ పచ్చికలో ఉంది. ముసలివి లేవు. ఆమెకు గొర్రెలు తిరిగి రావు. ఉన్న మొగుడూ పోతాడు.

దాగ్ని అన్నది నిజం. ఇప్పుడు ఒకటే.

ఏప్రిల్ 21

ఈ ఉదయం పచ్చికలో నడిచాం. పొడుగు బూట్లు, పంట్లాం అంచులు మేజోళ్లలోకి దోపి. పిడుదుల కాలం మొదలైంది. గొర్రెలు లేని గడ్డి మోకాలి దాకా లేచింది. చెప్పాలనే తీసుకెళ్లాను.

"సోల్వేగ్, ఆ గురువారం..."

ఆమె నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు. ఆ రోజు ఊసెత్తకు. నువ్వు రెండు పెన్నులు పొడవకపోతే నేనిక్కడ లేను. అది చాలు."

ఆ చెయ్యి చల్లగా ఉంది. ఉంగరం లేదు.

ఏప్రిల్ 28

అక్క వచ్చి సోల్వేగ్‌ని నోర్షాపింగ్ తీసుకెళ్లింది. పది రోజులు గాలి మారితే మంచిదంది. ఓడ ఎక్కించి వచ్చాను. ఇంట్లో ఒక్కణ్నే.

ఈ పది రోజుల్లో ఉత్తరం రాస్తాను. ఎదురుగా అయితే మాట రావడం లేదు. రాసి పంపిస్తాను. అక్క పక్కనుంటుంది కాబట్టి తట్టుకుంటుంది.

ఏప్రిల్ 29

మొదలుపెట్టాను. "ప్రియమైన సోల్వేగ్, ఉల్లిపాయ నూనెలో వేయించలేదు."

తర్వాత ఏం రాయాలి?

మే 1

రేపు కచ్చితంగా.

మే 2

తలుపు చప్పుడైతే తీశాను. సోల్వేగ్. చేతిలో పెట్టె. పొద్దున ఓడకు ఒక్కతే వచ్చేసింది. ఫోన్ కూడా చెయ్యలేదు. తలుపు దగ్గరే నన్ను పట్టుకుని నిలబడింది. నా చేతుల్లో మనిషి ఉన్నట్టే లేదు.

అక్క కొత్త గిన్నెలు కొన్నదట. వంటిల్లంతా తుడిచిందట. ఏం వేసిందో ప్రతిదీ చూపించి మరీ వండిందట. అయినా ముద్ద దిగలేదట సోల్వేగ్‌కి. చెంచా నోటి దాకా వెళ్లి ఆగిపోయేదట. నీళ్లూ, ఇంటి నుంచి పట్టుకెళ్లిన దుంపలూ. అవి అయిపోయాక ఏమీ లేదు.

"అక్కకి కోపం వచ్చింది" అంది. "నన్ను నమ్మవా అంది. ఏం చెప్పను? అది మంచిదే. కానీ ఈ లోకంలో నీ చెయ్యి తప్ప ఏదీ నమ్మలేకపోతున్నాను ఇంగ్వర్. ఆకలేస్తోంది. ఏదన్నా పెట్టు."

బల్ల మీదున్న కాగితం మడిచి పొయ్యిలో వేశాను. ఏమిటని ఆమె అడగలేదు.

దుంపల చెక్కు తీసి పొయ్యి మీద పెట్టాను. చేప కడిగాను. ఆమె కోటు విప్పకుండానే బల్ల దగ్గర కూర్చుంది. నాకు వీపు పెట్టి, కిటికీలోంచి ఖాళీ పచ్చికను చూస్తూ. నేను వండుతున్నంత సేపూ ఒక్కసారి కూడా ఇటు తిరిగి చూడలేదు.